గోల్‌పోస్ట్ ఎక్కడుంటే అక్కడికి

ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌కి పోటీ ఎక్కువైతే కాస్త పక్కకు జరిగి వింగ్‌లో ఆడతాడు. మిడ్‌ఫీల్డర్ అవసరాన్ని బట్టి డిఫెన్స్‌లో సర్దుకుంటాడు. గోల్‌కీపర్‌కి ఆ వీలు లేదు. ఉన్నదే ఒక్క చోటు. అందులో ఒకడు కుదురుకున్నాడంటే రెండోవాడు బెంచీ మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. మొదటివాడి కాలు బెణకాలి, లేదా వాడికి వయసు మళ్లాలి. అంత ఓపిక లేనివాడు బ్యాగు సర్దుకుని మరో ఊరి దారి పట్టాలి.

లుట్స్ ఫానెన్‌ష్టీల్ బ్యాగు సర్దుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లపాటు సర్దుతూనే ఉన్నాడు. ప్రపంచ ఫుట్‌బాల్‌ను ఫిఫా ఆరు సమాఖ్యలుగా విభజించింది: ఐరోపా, ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా. ఈ ఆరింటిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడిన మొట్టమొదటి ఆటగాడు ఈ జర్మన్ గోల్‌కీపర్. అతని గురించి రాసేవాళ్లు చాలామంది జైలు, పెంగ్విన్, ఆగిపోయిన ఊపిరి అంటూ మూడు వింతలు చెప్పి ఊరుకుంటారు. ఆ మూడూ నిజంగా జరిగినవే. కానీ వాటి వెనక, చేతనైన పని చేసుకోవడానికి చోటు వెతుక్కుంటూ భూగోళమంతా తిరిగిన ఒక పనివాడున్నాడు. ఈ కథ అతనిది.

*

జర్మనీలో బవేరియా రాష్ట్రానికి తూర్పు అంచున, చెక్ సరిహద్దుకు చేరువలో, దట్టమైన అడవుల నడుమ త్స్వీజెల్ అనే చిన్న ఊరుంది. గాజు సామానుకు పేరు పడ్డ ఊరు. 1973 మే 12న లుట్స్ అక్కడ పుట్టాడు. జర్మనీ అండర్-17 జట్టు దాకా ఎదిగాడు. దగ్గర్లోనే ఉన్న బాడ్ కోట్స్‌టింగ్ క్లబ్బుకు గోల్ కాస్తున్న రోజుల్లో బయర్న్ మ్యూనిక్ నుంచి పిలుపొచ్చింది.

బవేరియా కుర్రాడికి అంతకు మించిన పిలుపేముంటుంది? ఆ ప్రాంతంలో బంతి తన్నే ప్రతి పిల్లాడూ కలగనే క్లబ్బు అది. అయితే వాళ్లు ఇస్తామన్నది అమెచ్యూర్ జట్టులో చోటు. అదే సమయంలో మలేసియాలోని పెనాంగ్ జట్టు పూర్తి స్థాయి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ముందు పెట్టింది. 1993లో లుట్స్‌కి ఇరవయ్యేళ్లు. ఒకవైపు ఇంటి పక్కనే ఉన్న మహా క్లబ్బు, అందులో చివరి వరుస. మరోవైపు ఎన్నడూ చూడని దేశం, అక్కడ గోల్ ముందు తన కోసం ఖాళీగా ఉన్న చోటు.

అతను పెనాంగ్ విమానం ఎక్కాడు.

పిచ్చి నిర్ణయమని అనిపించవచ్చు. కానీ తర్వాతి ఏడాదే, 1994లో, బయర్న్‌కి గోల్‌కీపర్‌గా ఆలివర్ కాన్ వచ్చాడు. వచ్చినవాడు 2008 దాకా కదల్లేదు. పద్నాలుగేళ్లు! ఆ కాలంలో బయర్న్‌లో రెండో గోల్‌కీపర్‌గా ఉండటమంటే జీతం తీసుకుంటూ వేరొకడి ఆట చూడటమే. బెర్న్డ్ డ్రేహెర్ లాంటి అనుభవజ్ఞుడు ఏళ్ల తరబడి అదే చేశాడు. లుట్స్‌కి ఈ సంగతి ముందే తెలిసే అవకాశం లేదు. అయినా బెంచీ మీద కూర్చోవడం తన వల్ల కాదన్నది మాత్రం అతనికి ఆ వయసులోనే తెలిసినట్టుంది.

పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో ఎండ, ఉక్క, ఉన్నట్టుండి విరుచుకుపడే వాన. వానలో గోల్ కాయడం వేరే విద్య. గ్లోవ్స్ అరచేతిలో ఉండే రబ్బరు పొర కాస్త తడిగా ఉంటేనే బంతిని పట్టి ఉంచుతుంది, అందుకే గోల్‌కీపర్లు ఆటకు ముందు వాటిని నీళ్లతో తడుపుకుంటారు. కుండపోతలో ఆ పట్టు పోతుంది. అప్పుడు రెండు చేతులా పట్టుకుందామని ఆశపడితే బంతి జారి ఎదుటివాడి కాళ్ల దగ్గర పడుతుంది. పిడికిలితో పక్కకు గుద్దడమే మేలు. జర్మనీ చలిలో నేర్చిన చేతులు ఇదంతా కొత్తగా నేర్చుకోవాలి.

*

మలేసియా తర్వాత ఇంగ్లండ్. 1990ల మధ్యలో వింబుల్డన్, ఆ పైన నాటింగ్‌హామ్ ఫారెస్ట్. రెండూ అప్పట్లో ప్రీమియర్ లీగ్‌లో ఆడిన పేరున్న జట్లే. వింబుల్డన్ ఆటగాళ్లను ‘క్రేజీ గ్యాంగ్’ అనేవాళ్లు. మోటు ఆటకీ, తోటి ఆటగాళ్లను ఏడిపించే మోటు సరసాలకీ పెట్టింది పేరు. అక్కడ గోల్‌పోస్ట్ హాన్స్ సెగెర్స్‌ది. ఫారెస్ట్‌లో మార్క్ క్రాస్లీది. లుట్స్‌కి మిగిలింది రిజర్వ్ ఆటలు, సాధన, ఎదురుచూపు. ఏ పెద్ద లీగ్‌లో ఆడాలని ప్రతి కుర్రాడూ తపిస్తాడో, దాని గడపలోనే నిలబడి లోపలికి అడుగు పెట్టలేకపోయాడు.

అందుకే మళ్లీ ప్రయాణాలు. దక్షిణాఫ్రికాలో, సొవెటో గడ్డ మీద పుట్టిన ఒర్లాండో పైరేట్స్. ఆ తర్వాత ఫిన్‌లాండ్ మైదానాలు. కాంట్రాక్టు ఒక సీజన్, ఒక్కోసారి కొన్ని నెలలు. కొత్త భాష, కొత్త డిఫెండర్లు. గోల్‌కీపర్ పనిలో సగం నోటితోనే నడుస్తుంది. వెనక నుంచి ఆట మొత్తం కనిపించేది అతనొక్కడికే. ఎవరిని కాచుకోవాలో, బంతిని ఎవరు వదిలేయాలో క్షణంలో అరిచి చెప్పాలి. ఆ నాలుగు మాటలూ స్థానిక భాషలో రాకపోతే ఎంత చేవ ఉన్నా గోల్ పడుతుంది. కాబట్టి ఎక్కడికెళ్లినా అతను మొదట నేర్చుకోవాల్సింది ఆ నాలుగు అరుపులే.

జట్లు మారే గోల్‌కీపర్ అంటే మనవాళ్లకు పీటర్ తంగరాజ్ గుర్తుకురావాలి. హైదరాబాద్‌లో పుట్టి, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లకు వెళ్లిన భారత జట్టులో ఉండి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం అందుకున్న ఆజానుబాహుడు. కలకత్తాలో బద్ధ శత్రువుల్లాంటి మూడు క్లబ్బులకూ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ, మోహన్ బగాన్‌కీ, ఈస్ట్ బెంగాల్‌కీ గోల్ కాశాడు. అయితే తంగరాజ్‌ని వెతుక్కుంటూ క్లబ్బులొచ్చాయి. లుట్స్ క్లబ్బులను వెతుక్కుంటూ పోయాడు. ఆ తేడా చిన్నది కాదు.

*

సింగపూర్‌లో తొలిసారి అతనికి నిలకడ దొరికింది. 1996లో మొదలైన ఎస్-లీగ్‌లో విదేశీ ఆటగాళ్లకు మంచి గిరాకీ ఉండేది. సెంబవాంగ్ రేంజర్స్‌కి ఆడాడు, తర్వాత గేలాంగ్ యునైటెడ్‌కి. పొడగరి, మాటకారి, ఆటలో దూకుడు. అభిమానులు గుర్తుపట్టి పలకరించే స్థాయికి చేరాడు. గోల్‌పోస్ట్ అతనిది. ఎవరి కాలూ బెణికేదాకా ఆగాల్సిన పనిలేదు.

సరిగ్గా అక్కడే అతని జీవితం తలకిందులైంది. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద అధికారులు అతన్ని అరెస్టు చేశారు. బుకీ దగ్గర డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నాడన్నది అభియోగం. కోర్టు నేరం రుజువైందని తేల్చి ఐదు నెలల శిక్ష వేసింది. మినహాయింపు పోను 101 రోజులు జైల్లో ఉన్నాడు.

ఆ 101 రోజుల గురించి అతను తర్వాత తన ఆత్మకథలోనూ, ఇంటర్వ్యూల్లోనూ చెప్పుకున్నాడు. మంచం లేదు. పడక కటిక నేల మీద. రోజూ గాల్లోకి ఎగిరి పక్కలకు దూకే ఒళ్లు, ఆ సిమెంటు గచ్చు మీద ఇరుకిరుగ్గా మడుచుకుని పడుకోవాలి. చుట్టూ నిజంగా ఘోరాలు చేసి వచ్చినవాళ్లు. రాత్రి కొట్లాట మొదలైతే ఎటు వైపు నుంచి దెబ్బ పడుతుందో తెలియదు. మనిషి చిక్కిపోయాడు. అంతకంటే ఎక్కువగా, తన పేరు పోయిందన్న బాధ లోపల తొలిచేసింది. గోల్‌కీపర్‌కి ఉన్న ఆస్తి అతని మీద జట్టు పెట్టుకునే నమ్మకమే కదా. తాను ఏ ఆటనూ అమ్ముకోలేదని లుట్స్ అప్పుడూ చెప్పాడు, ఆ తర్వాతా చెబుతూనే ఉన్నాడు. కోర్టు తీర్పు మాత్రం రికార్డులో అలాగే ఉంది. ఇవి రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ ఆటలో అనుమానం అందరికంటే తేలిగ్గా అంటుకునేది గోల్‌కీపర్‌కే. ఫార్వర్డ్ ఖాళీ గోల్ ముందు బంతిని బయటకు తంతే దురదృష్టమంటారు. గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారితే ఎంతకు అమ్ముడుపోయాడో అని గుసగుసలు మొదలవుతాయి. వింబుల్డన్‌లో లుట్స్‌కి ముందున్న హాన్స్ సెగెర్స్, లివర్‌పూల్ మాజీ గోల్‌కీపర్ బ్రూస్ గ్రాబెలార్ ఇద్దరూ ఇలాంటి అభియోగం మీదే ఇంగ్లండ్ కోర్టు బోనెక్కారు. మొదటి విచారణలో జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది. రెండో విచారణలో, 1997లో, ఆ కుట్ర అభియోగం నుంచి బయటపడ్డారు. కేసు పోయినా ఆ పేర్ల వెంట ఆ మాట పోలేదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను.

*

జైలు నుంచి బయటపడ్డవాడికి తలుపు తెరిచింది భూగోళానికి దాదాపు అడుగున ఉన్న ఊరు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని డునెడిన్. అక్కడి డునెడిన్ టెక్నికల్ క్లబ్బు అతన్ని తీసుకుంది. చల్లటి సముద్రపు గాలి, పచ్చిక కొండలు, ఎవరి గతాన్నీ గుచ్చి గుచ్చి అడగని మనుషులు. ఊపిరి పీల్చుకున్నాడు.

పెంగ్విన్ సంగతి ఇక్కడిదే. ఆ తీరంలో పెంగ్విన్లు ఒడ్డుకొస్తాయి. వాటిలో ఒకదాని మీద మనసుపడి లుట్స్ దాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాడు! బాత్‌టబ్‌లో ఉంచి పెంచుకుందామనుకున్నాడు. విషయం తెలిసి క్లబ్బు పెద్దలు బెంబేలెత్తిపోయారు. అవి చట్టం కాపాడే ప్రాణులు, తక్షణం తీసుకెళ్లి వదలకపోతే దేశం నుంచే పంపించేస్తారని గట్టిగా చెప్పారు. పెంగ్విన్ తిరిగి సముద్రానికి చేరింది. పాపం ఆ పక్షి పడ్డ కంగారు తల్చుకుంటే చేసింది తప్పే. కానీ కొన్నాళ్ల కిందటే కటిక నేల మీద మగ్గిన మనిషి, ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకోవాలని తహతహలాడటం నాకు అర్థం కాని విషయం కాదు.

డునెడిన్ అతనికి మరో దారి చూపింది. అక్కడ చలికాలమంటే ఐరోపాలో వేసవి. రెండు చోట్లా ఫుట్‌బాల్ ప్రధానంగా చలికాలపు ఆటే. అక్కడి సీజన్ అయిపోగానే ఐరోపాకొస్తే ఏడాదంతా గోల్‌పోస్ట్ ముందే నిలబడవచ్చు. అలా వేసవి ముఖం చూడకుండా తిరిగే క్రమంలోనే అతను ఇంగ్లండ్ ఉత్తరాన బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ చేరాడు.

అదీ ఒక దెబ్బతిన్న క్లబ్బే. 1970లో ఓటింగ్‌లో ఓడి ఫుట్‌బాల్ లీగ్ నుంచి బయటికి పోయింది, ఆ స్థానం కేంబ్రిడ్జ్ యునైటెడ్‌కి దక్కింది. 1974లో మూతపడింది. 1988లో అభిమానుల పట్టుదలతో మళ్లీ ప్రాణం పోసుకుని కింది లీగుల్లో మొదటి మెట్టు నుంచి ఎక్కుతూ వచ్చింది.

2002 డిసెంబరు 26. క్రిస్మస్ మర్నాడు ఫుట్‌బాల్ ఆడటం ఇంగ్లండ్‌లో తరాల ఆనవాయితీ. హార్స్‌ఫాల్ స్టేడియంలో చలికి ముడుచుకున్న జనం. ఎదురుగా హారోగేట్ టౌన్. ఆ జట్టు ముందు వరుసలో క్లేటన్ డొనాల్డ్‌సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, అతను పుట్టింది ఆ బ్రాడ్‌ఫర్డ్‌లోనే. తర్వాతి కాలంలో జమైకా జాతీయ జట్టుకు ఆడాడు.

బంతి డిఫెండర్లను దాటి వచ్చింది. దాని వెనక డొనాల్డ్‌సన్, ముందు లుట్స్.

అలాంటి క్షణంలో గోల్‌కీపర్‌కి రెండే దారులు. గీత మీదే నిలబడితే ఫార్వర్డ్ కళ్లకు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు గోల్ మొత్తం కనిపిస్తుంది. ముందుకు దూసుకొస్తే ఒక్కో అడుగుకీ ఆ ఖాళీ చిక్కిపోతుంది. చివర్లో చేతులు చాచి, తల వంచి బంతి మీదికి పడాలి. అప్పుడు గుండెకు అడ్డం ఏమీ ఉండదు. చొక్కా తప్ప ఛాతీకి కవచం లేదు. ఇది ప్రతి గోల్‌కీపర్‌కీ తెలుసు. తెలిసే పడతాడు. 1931లో గ్లాస్గోలో సెల్టిక్ గోల్‌కీపర్ జాన్ థామ్సన్ ఇలాగే ఫార్వర్డ్ కాళ్ల మీదికి దూకి, తలకు దెబ్బ తగిలి 22 ఏళ్లకే ప్రాణం వదిలాడు. లుట్స్ లాగే జర్మనీ నుంచి వచ్చిన బెర్ట్ ట్రౌట్‌మన్ 1956 ఎఫ్ఏ కప్ ఫైనల్లో మెడ ఎముక విరిగినా చివరి విజిల్ దాకా గోల్ కాశాడు.

లుట్స్ దూకాడు. డొనాల్డ్‌సన్ మోకాలు అతని ఛాతీకి గట్టిగా తగిలింది. కావాలని కొట్టింది కాదు, ఇద్దరూ ఒకే బంతి కోసం వచ్చినవాళ్లే.

గోల్‌కీపర్లు కిందపడటం మామూలే. కాసేపటికి లేస్తారు. ఇతను లేవలేదు. జట్టు ఫిజియో పరుగున వచ్చి చూసేసరికి ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి గాలి ఊదాడు. ఊపిరి వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ ఊదాడు. గడ్డకట్టిన పచ్చిక మీద మోకాళ్లపై కూర్చుని, డాక్టరేమీ కాని ఆ మనిషి, అంబులెన్సు వచ్చేదాకా ఒక ప్రాణాన్ని పట్టుకుని వదలకుండా కూర్చున్నాడు. మూడుసార్లు ఊపిరి ఆగింది, మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆట అక్కడితో ఆపేశారు. కిక్కిరిసిన పెద్ద స్టేడియంలో కాదు, టీవీ కెమెరాలు తొంగిచూడని కింది లీగ్ మైదానంలో జరిగింది ఇది. గీత బయట నిలబడే ఆ ఫిజియోల పేర్లు ఎవరూ గుర్తుంచుకోరు. ఈ కథలో అందరికంటే గొప్ప ‘సేవ్’ చేసింది అతనే.

ఆసుపత్రిలో కళ్లు తెరిచిన లుట్స్ ఇంక చాలనుకోలేదు. కోలుకున్నాక మళ్లీ గ్లోవ్స్ తొడిగాడు.

*

తర్వాతి ఏళ్లు పటం మీద వేలు పెట్టి వెతకాల్సినవి. నార్వేలో బేరుమ్. కెనడాలో కాల్గరీ, ఆ పైన వాంకోవర్. అల్బేనియాలో ష్కోడర్ నగరపు వ్లాజ్నియా. అర్మేనియాలో ఇజెవాన్. దాదాపు పాతిక క్లబ్బులు. ఇవేవీ కోట్లు కురిపించిన చోట్లు కావు. ఇల్లు ఒకచోట నిలవదు, కుటుంబం ఎక్కువ రోజులు ఒకే గోడల మధ్య ఉండదు. ఆ మూల్యం చెల్లించింది అతనొక్కడే కాదని మరవకూడదు.

ఐదు సమాఖ్యలు అయ్యాయి. మిగిలింది దక్షిణ అమెరికా. 2008లో బ్రెజిల్ వెళ్లి, శాంటా కటరీనా రాష్ట్రంలోని ఇబిరామా అనే చిన్న ఊళ్లో హెర్మన్ ఐచింగర్ క్లబ్బుకు ఆడాడు. ఆరోదీ పూర్తయింది. అదే ఏడాది మ్యూనిక్‌లో ఆలివర్ కాన్ రిటైరయ్యాడు. ఒకే క్లబ్బులో ఎదురుపడాల్సిన ఇద్దరు గోల్‌కీపర్లు. ఒకరు ఒకే గోల్‌పోస్ట్ ముందు పద్నాలుగేళ్లు నిలబడితే, ఇంకొకరు ఆ కాలంలో ప్రపంచాన్ని చుట్టేశారు. కాన్ ఖాతాలో చాంపియన్స్ లీగ్ ఉంది. లుట్స్ ఖాతాలో అలాంటి కప్పు లేదు. అయినా ఎవరి జీవితం పెద్దదని నన్నడిగితే తడుముకోకుండా జవాబు చెప్పలేను.

ఆట చివరి అంకం నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో, రాంబ్లర్స్ జట్టుతో సాగింది. వాతావరణ మార్పు గురించి జనానికి చెప్పడానికి మాజీ ఆటగాళ్లను పోగేసి గ్లోబల్ యునైటెడ్ అనే సంస్థ పెట్టాడు. మంచు దేశాలూ, ఎడారి దేశాలూ కళ్లారా చూసినవాడికి ఆ ఆలోచన రావడం సహజమే.

తర్వాత జర్మనీలోని హోఫెన్‌హైమ్ క్లబ్బు అతన్ని ఆటగాళ్లను వెతికిపెట్టే పనిలో పెట్టుకుంది. ఎవరికీ తెలియని లీగుల్లో ఎవరికీ తెలియని ఆటగాళ్లు ఎలా బతుకుతారో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? 2018 చివర్లో ఫార్చునా డసెల్‌డార్ఫ్‌కి స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు. 2020లో అమెరికాలో అప్పటికింకా ఒక్క ఆటా ఆడని కొత్త క్లబ్బు సెయింట్ లూయిస్ సిటీ అదే పదవి ఇచ్చి, జట్టును మొదటి నుంచీ కట్టమంది.

గోల్‌పోస్ట్ ముందు ఎవరిని నిలబెట్టాలన్నది ఈసారి అతను తేల్చాల్సిన విషయం. స్విట్జర్లాండ్‌కి చెందిన రోమన్ బుర్కి మీద అతని చూపు పడింది. జర్మన్ క్లబ్బు డార్ట్‌మండ్‌కి ఏళ్ల తరబడి మొదటి గోల్‌కీపర్‌గా ఆడినవాడు. 2021లో గ్రెగోర్ కోబెల్ రాగానే ఆ చోటు పోయింది. సీజనంతా లీగ్‌లో ఆట లేక కూర్చున్నాడు. ముప్పై దాటిన అలాంటి గోల్‌కీపర్‌ని లుట్స్ 2022లో సెయింట్ లూయిస్‌కి తెచ్చుకున్నాడు. 2023లో ఆ క్లబ్బు మేజర్ లీగ్ సాకర్‌లో అడుగుపెట్టి తొలి ఐదు మ్యాచ్‌లూ గెలిచింది. కొత్త జట్టేదీ అంతకుముందు అలా మొదలుపెట్టలేదు. సీజన్ ముగిసేసరికి పశ్చిమ విభాగంలో అగ్రస్థానం సెయింట్ లూయిస్‌ది, ఆ ఏటి మేటి గోల్‌కీపర్ పురస్కారం రోమన్ బుర్కిది.